చట్టం మాట జనం ఎప్పుడు వింటారు?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. చట్టం వల్ల జనం మారతారా, లేక జనం మారాక చట్టం వాళ్ల వెనకాల నడిచి వస్తుందా అన్నది మొదటిది. శిక్షలు, జరిమానాలు బాగా పెంచేస్తే అందరూ దారికొస్తారు కదా, ఆ పని ఎందుకు చెయ్యరు అన్నది రెండోది. పోలీసు ఉంటే సిగ్నల్ దగ్గర ఆగే మనిషి, పోలీసు లేకపోతే ఎందుకు దూసుకుపోతాడని ఉదాహరణ కూడా ఇచ్చారు. నేను ఇరవై మూడేళ్లుగా ఎక్కువగా సివిల్ కేసులు చేస్తున్నాను. తొమ్మిదేళ్లుగా సాయంత్రం పూట లా విద్యార్థులకు క్లాసులు కూడా చెప్తున్నాను. ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అడిగిన ప్రతిసారీ నా జవాబు కొంచెం కొంచెం మారుతూ వచ్చింది. రెండో ముక్క తేలిక కాబట్టి దానితో మొదలుపెడతాను.

శిక్ష పెద్దదైతే భయం పెద్దదవుతుందనేది చాలా పాత నమ్మకం. దాన్ని కాదన్న వాదన కూడా పాతదే. 1764లో చెజారే బెక్కారియా అనే ఇరవై ఆరేళ్ల ఇటలీ రచయిత నేరాల గురించి, శిక్షల గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. మనిషిని నిజంగా ఆపేది శిక్షలోని క్రూరత్వం కన్నా, దాన్నుంచి తప్పించుకోలేననే నమ్మకం అన్నది అతని వాదన. శిక్ష చిన్నదైనా ఖాయంగా పడుతుందంటే మనిషి జంకుతాడు. భయంకరమైన శిక్షే అయినా తప్పించుకునే దారుందనిపిస్తే తెగిస్తాడు.

ఇది పుస్తకాల మాట కాదని తెలియాలంటే ఆనాటి ఇంగ్లండ్‌ను చూడండి. 19వ శతాబ్దం మొదటికి అక్కడ మరణశిక్ష పడే నేరాలు 200 దాటాయి. ఇంట్లోంచి 40 షిల్లింగుల విలువైన సొత్తు దొంగిలించినా ఉరే. మరి దొంగతనాలు ఆగాయా? ఆగలేదు సరికదా, జ్యూరీలు, అంటే దోషా కాదా అని తేల్చే మామూలు పౌరుల బృందాలు, కొత్త విద్య నేర్చుకున్నాయి. సొత్తు విలువ అంతకన్నా చాలా ఎక్కువని కళ్లకు కనిపిస్తున్నా, 39 షిల్లింగులని తీర్పు రాసేవి. ఒక్క షిల్లింగు తగ్గితే ప్రాణం దక్కుతుంది కదా. ఇంకా విచిత్రం, ఫోర్జరీకి మరణశిక్ష తీసెయ్యమని 1830లో బ్యాంకర్లే పార్లమెంటుకు అర్జీ పెట్టుకున్నారు. ఫోర్జరీ వల్ల నష్టపోయేది వాళ్లే. కానీ శిక్ష ఉరి కాబట్టి సాక్షులు ముందుకు రావడం లేదు, జ్యూరీలు దోషి అనడం లేదు. ముద్దాయి హాయిగా ఇంటికెళ్లిపోతున్నాడు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తితే, ఆ గొడ్డలి పట్టుకున్నవాడి చెయ్యే వణుకుతుంది.

జరిమానాలకూ ఇదే వర్తిస్తుంది. జరిమానా అంకె పెరిగినప్పుడల్లా, రాసేవాడికీ కట్టేవాడికీ మధ్య బేరం కూడా పెరుగుతుంది. నా దగ్గరికి వచ్చే చిన్న వ్యాపారుల్లో జరిమానా ఎంతో సరిగ్గా తెలిసినవాళ్లు తక్కువ. తనిఖీకి ఎవరైనా వస్తారా, ఎన్నాళ్లకోసారి వస్తారు అన్నది మాత్రం అందరికీ తెలుసు.

ఖాయంగా పడే శిక్ష ఏం చేస్తుందో చూడాలంటే న్యూయార్క్ పార్కింగ్ కథ ఉంది. ఐక్యరాజ్యసమితిలో పనిచేసే దౌత్యవేత్తలకు రక్షణ ఉంటుంది కాబట్టి, కారు ఎక్కడ ఆపినా వాళ్ల నుంచి జరిమానా వసూలు చెయ్యలేకపోయేవాళ్లు. 1997 చివరి నుంచి 2002 చివరి దాకా కట్టకుండా వదిలేసిన జరిమానా టికెట్లు 1,50,000 దాటాయి. రేమండ్ ఫిస్మన్, ఎడ్వర్డ్ మిగెల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ లెక్కలన్నీ తీశారు. శిక్ష అనేదే లేనప్పుడు కూడా కొన్ని దేశాలవాళ్లు ఒక్క టికెట్టూ బాకీ పెట్టలేదు. స్వీడన్, నార్వే, జపాన్, కెనడా అందులో ఉన్నాయి. కొన్ని దేశాలవాళ్లు ఒక్కొక్కరూ వందకు పైగా పెట్టారు. అంటే ఇంటి దగ్గర అలవాటైన పద్ధతిని సామానుతో పాటు మూటగట్టుకుని వచ్చారన్నమాట. 2002 చివర్లో, బాకీలున్న కారు నంబరు ప్లేటు తీసేసుకునే అధికారం నగరానికి వచ్చింది. ఉల్లంఘనలు ఒక్కసారిగా దాదాపు 98 శాతం పడిపోయాయి. ఇక్కడ పనిచేసింది జరిమానా అంకె కాదు. తప్పదు అన్న సంగతి ఒక్కటే కొత్తగా వచ్చింది.

కాబట్టి రెండో ముక్కకు నా జవాబు ఇది: పెంచాల్సింది శిక్షను కాదు, దొరికిపోయే అవకాశాన్ని. ఇక్కడితో ఆపేస్తే పరీక్షలో మార్కులు పడతాయి గానీ అసలు విషయం మిగిలిపోతుంది. ఏ ప్రభుత్వానికైనా ప్రతి మూలా ఒక మనిషిని కాపలా పెట్టే శక్తి లేదు. చట్టాలు పనిచేసే చోట్ల కూడా చాలాసార్లు ఎవరూ కాపలా ఉండరు. అయినా జనం పాటిస్తారు. ఎందుకు?

ఇన్నేళ్లలో నాకు అర్థమైంది చెప్తాను. చట్టం నేరుగా మనిషిని మార్చడం తక్కువ. పక్కవాళ్లు ఏం చేస్తారు, మనం ఇలా చేస్తే వాళ్లేమనుకుంటారు అని మనిషి మనసులో ఒక అంచనా ఉంటుంది చూడండి, చట్టం ఎక్కువగా పనిచేసేది దాని మీద. ఆ అంచనా మారితే మనిషి తనంతట తానే మారతాడు. అది మారకపోతే ఎన్ని సెక్షన్లు రాసినా కాగితం కాగితమే. నలుగురితో నారాయణ, గుంపులో గోవింద అని మనవాళ్లు వెటకారంగా అంటారు గానీ, న్యాయశాస్త్రంలో సగం ఆ సామెతలోనే ఉంది.

దీనికి చాలా సాదా ఉదాహరణ స్వీడన్‌ది. అక్కడ మొదట్లో బళ్లు ఎడమ వైపున నడిచేవి. కుడికి మారదామా అని 1955లో జనాన్ని అడిగితే 80 శాతానికి పైగా వద్దన్నారు. అయినా పార్లమెంటు 1963లో మార్పుకు ఓటేసింది. 1967 సెప్టెంబరు 3, తెల్లవారుజామున 5 గంటలకు దేశం మొత్తం కుడి వైపుకు మారిపోయింది. వద్దన్నవాళ్లలో ఒక్కడు కూడా మర్నాడు మొండిగా ఎడమ వైపే నడపలేదు. జరిమానా ఎంతో కనుక్కోవాల్సిన పని కూడా ఎవరికీ రాలేదు. ఎదురుగా వచ్చేవాడు కుడి వైపున వస్తాడని తెలిశాక, నేను ఎడమ వైపున వెళ్లడానికి నాకేమైనా పిచ్చా? కొత్తలో అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని నడపడంతో ప్రమాదాలు తగ్గాయి, తర్వాత మళ్లీ మామూలైపోయాయి. అది వేరే సంగతి.

రోడ్డు నియమం తేలిక, ఎందుకంటే అందులో పరువు సమస్య లేదు. పరువు అడ్డం వచ్చినప్పుడు ఏమవుతుందో చూడాలంటే ద్వంద్వయుద్ధాల చరిత్ర చదవాలి. నా క్లాసులో దీనికి కనీసం రెండు గంటలు పెడతాను.

ఒకప్పుడు యూరప్‌లో పెద్దమనుషులనిపించుకున్నవాళ్లు మాట పట్టింపు వస్తే కత్తులతో, తర్వాతి కాలంలో పిస్తోళ్లతో ఒకరినొకరు చంపుకునేవాళ్లు. రాజులు నిషేధాల మీద నిషేధాలు పెట్టారు. ఫ్రాన్స్‌లో 1626లో, రిషెల్యూ మంత్రిగా ఉన్నప్పుడు, కఠినమైన శాసనం వచ్చింది. బూత్‌విల్ అనే ప్రభువు అప్పటికే ఇరవైకి పైగా యుద్ధాలు చేసినవాడు. శాసనాన్ని ధిక్కరించడానికే అన్నట్టు 1627లో పారిస్ నడిబొడ్డున పట్టపగలు మళ్లీ కత్తి దూశాడు. నెలన్నర లోపే తల తీయించారు. అంత పెద్ద వంశం వాడికే ఆ గతి పట్టాక మిగతావాళ్లు మానెయ్యాలి కదా? మానలేదు. ద్వంద్వయుద్ధాలు ఆ తర్వాత కూడా తరతరాలు సాగాయి.

ఇక్కడ బెక్కారియా లెక్కను తిరగేసి చూడండి. పోరాడితే రాజు శిక్షించవచ్చు, శిక్షించకపోవచ్చు. పోరాడనంటే మాత్రం తోటివాళ్లు వేసే శిక్ష ఆ రోజే, ఖాయంగా పడుతుంది. పిరికివాడనే ముద్ర, పలకరింపులు బంద్, పదవి రాదు, సంబంధాలు తెగిపోతాయి. రాజు చట్టం కన్నా సమాజం చట్టమే ఖాయం, వేగం కూడా. అలాంటి చోట రాజు శిక్షను ఎంత పెంచినా లాభం లేదు. పైగా శిక్ష పెరిగిన కొద్దీ దాన్ని లెక్కచెయ్యని వాడి ధైర్యం ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది!

మరి తెలివైన చట్టం ఏం చేసింది? అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో పదవి చేపట్టేవాళ్లు, మారణాయుధాలతో ద్వంద్వయుద్ధం చెయ్యలేదని ప్రమాణం చెయ్యాలి. ఆ వాక్యం ఇప్పటికీ అక్కడి ప్రమాణంలో ఉంది, ఈ రోజుల్లో అది చదువుతుంటే సభలో నవ్వులు వినిపిస్తాయి. కానీ అది రాసిన కాలంలో దాని పని వేరు. సవాలు అందుకున్న పెద్దమనిషికి అది ఒక మర్యాదైన సాకు ఇచ్చింది. "నాకు భయమేమీ లేదు, కానీ రేపు ప్రజలకు సేవ చెయ్యాల్సినవాణ్ని, ఆ అర్హత పోగొట్టుకోలేను" అనొచ్చు. సవాలు కాదన్నవాడు పిరికివాడై ఉండాలన్న లెక్క అక్కడితో చెడిపోయింది. కాదనడానికి ఇంకో గౌరవమైన కారణం దొరికింది. బ్రిటన్ సైన్యంలో 1844లో నియమావళిని మార్చినప్పుడు కూడా ఇలాంటి పనే చేశారు. తప్పు జరిగితే క్షమాపణ చెప్పడం, చెప్తే అంగీకరించడం గౌరవనీయుల లక్షణమే అని అందులో రాశారు. గౌరవం అనే మాటను అవతలి పక్షం దగ్గర వదిలెయ్యకుండా తమ వైపుకు లాక్కున్నారు. కాలం మారడం, పత్రికల ఎగతాళి, మధ్యతరగతి బలపడడం లాంటి కారణాలు కూడా ఉన్నాయి, చట్టం ఒక్కదానికే ఘనత ఇవ్వను. కానీ ఉరికొయ్య చెయ్యలేని పనిని ఒక సాకు చేసిందన్నది నాకు ఎప్పుడు తలచుకున్నా ముచ్చటేస్తుంది.

ఈ సాకు సంగతి నాకు పుస్తకాల కన్నా ముందు నా ఆఫీసులోనే తెలిసింది. రాజీకి వచ్చే క్లయింట్లలో చాలామందికి లోపల గొడవ ఆపెయ్యాలనే ఉంటుంది. తమ్ముడి మీద కేసు వేసినాయన అలసిపోయి ఉంటాడు. కానీ తన వైపు వాళ్ల ముందు తగ్గినట్టు కనిపించడానికి ప్రాణం ఒప్పుకోదు. అలాంటివాళ్లు నన్ను చూసి, "సార్, చట్టప్రకారం మనకు ఇంతకన్నా రాదని వాళ్ల ముందు మీరే ఒక మాట చెప్పండి" అంటారు. నేను చెప్తాను, అబద్ధమేమీ కాదు కాబట్టి. ఆయన చుట్టూ చూసి "ఏం చేస్తాం, చట్టం ఒప్పుకోదట" అని నిట్టూర్చి సంతకం పెడతాడు. బయటికి వెళ్లేటప్పుడు నడకలోనే తేడా తెలుస్తుంది. మొదట్లో దీన్ని నాటకం అనుకునేవాణ్ని. ఇప్పుడు చట్టం చేసే గొప్ప పనుల్లో ఇదొకటి అనుకుంటున్నాను.

పొగతాగడం మీద నిషేధాలు పనిచేసింది కూడా ఈ దారిలోనే. 2004 మార్చి 29న ఐర్లండ్ పబ్‌లతో సహా పనిచేసే చోట్లన్నిటా పొగతాగడాన్ని నిషేధించింది. దేశమంతటికీ అలా చేసిన మొదటి దేశం అదే. పబ్‌లో సిగరెట్ లేకుండా ఎలా, గొడవలైపోతాయి అని అప్పట్లో చాలా టెన్షన్ పడ్డారు. గొడవలేమీ కాలేదు, మొదటి రోజుల నుంచే చాలామంది పాటించారు. ప్రతి పబ్‌లో ఇన్‌స్పెక్టర్‌ను కూర్చోబెట్టలేదు. జరిగిందేమిటంటే, పక్క టేబుల్ మనిషికి నోరొచ్చింది. అంతకుముందు "కాస్త ఆర్పేస్తారా" అంటే అడిగినవాడే గొడవకోరు. చట్టం వచ్చాక వెలిగించినవాడు మర్యాద తెలియనివాడు. వాక్యం అదే, ఇబ్బంది పడే మనిషి మాత్రం మారాడు. ఒక చట్టం పనిచేస్తుందా లేదా అని నన్నెవరైనా అడిగితే నేను ముందు చూసేది ఇదే: మామూలు మనిషి ఇంకో మామూలు మనిషిని ఆపడానికి ఇది మాట అందిస్తోందా?

ఈ నోరు రావడం అనేది పక్కవాడికి కనిపించే పనుల్లోనే సాధ్యం. నాలుగు గోడల మధ్య జరిగేవాటికి, లెక్కల పుస్తకాల్లో దాగేవాటికి ఈ దారి అంతగా పనికిరాదు. అక్కడ మళ్లీ తనిఖీలే దిక్కు.

జరిమానా గురించి ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే అది కొన్నిసార్లు ఎదురు తిరుగుతుంది. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పది డేకేర్ సెంటర్లలో ఒక ప్రయోగం చేశారు, ఫలితాలు 2000లో వచ్చాయి. పిల్లల్ని సాయంత్రం తీసుకెళ్లడానికి కొందరు తల్లిదండ్రులు ఆలస్యంగా వచ్చేవాళ్లు. ఆరు సెంటర్లలో, పది నిమిషాలు దాటితే చిన్న జరిమానా అని పెట్టారు. ఆలస్యాలు తగ్గుతాయనుకుంటే దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు ఆలస్యమైతే టీచర్ ముఖం చూడడానికి సిగ్గేసేది. ఇప్పుడు డబ్బు కట్టేశాం కదా, ఇంక సిగ్గెందుకు? తప్పు కాస్తా కొనుక్కునే సదుపాయం అయిపోయింది. తర్వాత జరిమానా తీసేసినా పాత పద్ధతి తిరిగి రాలేదు. ఒకసారి ధర కట్టిన మొహమాటం మళ్లీ మొహమాటం కాలేకపోయింది.

అలాగని చిన్న రుసుము ఎప్పుడూ చెడగొడుతుందని అనుకోకండి. అదే ఐర్లండ్‌లో 2002 మార్చిలో ప్లాస్టిక్ సంచికి 15 సెంట్ల సుంకం పెట్టారు. సంచుల వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. ఇక్కడా చిన్న మొత్తమే, మరి ఫలితం ఎందుకు తారుమారైంది? నాకు కనిపించే తేడాలు ఇవి. హైఫాలో ఆలస్యం అనేది తల్లిదండ్రులకూ టీచర్‌కూ మధ్య ఉన్న మొహమాటం, డబ్బు వచ్చి దాన్ని కొనేసింది. ఐర్లండ్‌లో సంచి విషయంలో అప్పటిదాకా ఎవరికీ ఏ మొహమాటమూ లేదు, కొనెయ్యడానికి ఏమీ లేదు. సుంకం వచ్చి కొత్తగా ఒక ప్రశ్న పుట్టించింది. కౌంటర్ దగ్గర, వెనక నలుగురు నిలబడి ఉండగా, "సంచి కావాలా?" అని అడుగుతారు. ముందుగా బాగా ప్రచారం చేశారు, వచ్చిన డబ్బు పర్యావరణ నిధికి వెళ్తుందని చెప్పారు. కొన్నాళ్లకు ప్లాస్టిక్ సంచి పట్టుకుని నడవడమే కొంచెం నామోషీ అయింది. అందుకే జరిమానా పెట్టేముందు, అక్కడ ఇప్పటికే ఏ సిగ్గు పనిచేస్తోందో చూసుకోవాలంటాను. ఉన్న సిగ్గును చెడగొట్టకూడదు.

అధికారులు తెలియక చేసే ఇంకో పొరపాటు ఉంది. ఉల్లంఘనలు పెరిగిపోతున్నాయి, ఇన్ని వేల మంది నియమం పాటించడం లేదు అని పదేపదే ప్రకటనలిస్తారు. భయపెడుతున్నామనుకుంటారు. వినేవాడికి చేరేది వేరే కబురు: అందరూ తప్పుతున్నారన్నమాట, నేనొక్కణ్ని పాటిస్తే పిచ్చివాణ్నవుతాను. అమెరికాలో ఆరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ పార్కులో దీన్ని పరీక్షించి చూశారు. అక్కడ రాయిగా మారిన పాతకాలపు కలప ముక్కల్ని సందర్శకులు జేబులో వేసుకుపోతుంటారు. చాలామంది తీసుకుపోవడం వల్ల అడవి దెబ్బతింటోందని బోర్డు పెట్టిన చోట దొంగతనం దాదాపు 8 శాతం. దయచేసి తీసుకెళ్లొద్దు అని మాత్రం రాసిన చోట 2 శాతం లోపే. మంచి ఉద్దేశంతో రాసిన బోర్డే చెయ్యి చాపమని చెప్పినట్టయింది.

అమెరికా మద్యనిషేధం అందరికీ తెలిసిన కథ, అందుకని ఎక్కువ చెప్పను. 1920 జనవరిలో మొదలైంది, 1933 డిసెంబరులో ఎత్తేశారు. అది పూర్తిగా విఫలమైందనడం కూడా తొందరపాటే. మొదటి ఏళ్లలో తాగుడు బాగానే తగ్గింది. కానీ ఆ చట్టం తయారీని, అమ్మకాన్ని, రవాణాను నిషేధించింది గానీ తాగడాన్ని నిషేధించలేదు. డాక్టరు చీటీ ఉంటే మందుగా విస్కీ దొరికేది. ఎండబెట్టిన ద్రాక్ష దిమ్మెలు అమ్మేవాళ్లు, వాటి మీద ఇలా ఇలా చేస్తే వైన్ అయిపోతుంది కాబట్టి చెయ్యొద్దు అని హెచ్చరిక ఉండేది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. నాకు ఇందులో అసలు నష్టంగా కనిపించేది, ఎప్పుడూ చట్టం దాటని మర్యాదస్తులకు చట్టాన్ని చూసి నవ్వడం అలవాటు కావడం. ఒక చట్టం మీద నవ్విన నోరు తర్వాతి చట్టం దగ్గర ఆగదు.

నియమం అక్షరాన్ని పట్టుకుని జనం ఆడుకోవడం అన్నిచోట్లా ఉన్నదే. 1902లో హనోయ్‌లో ఫ్రెంచి పాలకులు ఎలుకల్ని చంపి తోక తెస్తే డబ్బులన్నారు. కొన్నాళ్లకు ఊళ్లో తోకలేని ఎలుకలు తిరుగుతూ కనిపించాయి, శివార్లలో ఎలుకల పెంపకం మొదలైంది. తోకకు డబ్బిస్తే తోకలే వస్తాయి.

చట్టం అవసరమే పడని చోట్లు కూడా ఉంటాయి. మా వృత్తివాళ్లకు ఇది కాస్త చేదు. రాబర్ట్ ఎలిక్సన్ అనే న్యాయశాస్త్ర ప్రొఫెసర్ ఉత్తర కాలిఫోర్నియాలోని షాస్టా కౌంటీలో, పశువులు పక్కవాడి భూమిలో పడితే ఏం చేస్తారో పరిశీలించాడు. ఏ ప్రాంతంలో నష్టం ఎవరు భరించాలో చట్టంలో స్పష్టంగా ఉంది, ప్రాంతాన్ని బట్టి అది మారుతుంది. అక్కడి రైతులకు ఆ తేడా పట్టనే లేదు. పశువుల యజమానే బాధ్యుడు అన్నది అందరి మాట, చట్టం అలా చెప్పని చోట కూడా. ఎవరు ఎవరికి ఎంత సాయం బాకీ ఉన్నారో మనసులోనే లెక్క పెట్టుకుంటారు. మాట వినని వాడి గురించి నలుగురిలో చెప్పుకుంటారు, అంతకు మించితేనే తర్వాతి అడుగు. లాయరు దగ్గరికి వెళ్లడాన్ని మంచి పొరుగువాడి లక్షణంగా ఎవరూ చూడరు. అలాంటి చోట పై నుంచి ఒక చట్టం తెచ్చి రుద్దితే, ఉన్న సర్దుబాటు చెడిపోవడమే ఎక్కువ.

ఇప్పుడు మీ మొదటి ముక్క. ముందు చట్టమా, ముందు సమాజమా? రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టుకుంటే విషయం తెలుస్తుంది.

1979లో స్వీడన్ పిల్లల్ని కొట్టడాన్ని తల్లిదండ్రులకు సైతం నిషేధించింది, ప్రపంచంలో మొదటి దేశంగా. ఆ నియమానికి విడిగా శిక్షంటూ ఏమీ రాయలేదు. బదులుగా పాల డబ్బాల మీద దాని గురించి అచ్చు వేశారు, పిల్లలున్న ఇళ్లకు కరపత్రాలు పంపారు. పొద్దున్నే పిల్లలతో కలిసి కూర్చున్నప్పుడు బల్ల మీదే ఆ మాట కనిపించాలన్నది ఆలోచన. కొట్టి పెంచడం అవసరమే అనేవాళ్లు 1965లో సగానికి పైగా ఉండేవాళ్లు, 1990ల మధ్యకు పదిమందిలో ఒక్కరికి దగ్గరయ్యారు. చట్టం గొప్పతనం అని క్లాసులో చెప్పుకోవడానికి బాగుంటుంది. కానీ 1971కే, అంటే చట్టానికి ఎనిమిదేళ్ల ముందే, ఆ సంఖ్య దాదాపు మూడో వంతుకు దిగింది. వాలు అప్పటికే ఉంది. చట్టం నీటికి కాలవ తవ్వింది.

బ్రిటన్‌లో సీటు బెల్టు కథ ఇంకోలా నడిచింది. 1970లంతా టీవీలో బెల్టు పెట్టుకోండని ప్రచారం చేశారు. పెట్టుకోవడం మంచిదని అందరూ ఒప్పుకున్నారు, పెట్టుకునేవాళ్లు మాత్రం 40 శాతం దగ్గరే ఆగిపోయారు. 1983 జనవరి 31 నుంచి ముందు సీట్లలో తప్పనిసరి చేశారు. రోజుల్లోనే 90 శాతం దాటింది. అంతకు ముందు రోజు దాకా తెలియని విషయమేదీ ఆ రోజు కొత్తగా తెలియలేదు. బెల్టు తగిలించుకుంటే పక్క సీట్లో కూర్చున్నవాడు "నా డ్రైవింగ్ మీద నమ్మకం లేదా?" అనుకుంటాడేమో అన్న చిన్న జంకు మాత్రం పోయింది. ఈ మాట నా ఊహే, కానీ ఆ వయసు బంధువులను అడిగి చూస్తే వాళ్లూ ఇలాంటిదే చెప్తారు.

రెండిట్లోనూ చట్టం వచ్చేసరికి చాలామంది మనసులో సగం దారి నడిచేశారు. మిగతా సగానికి ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తున్నారు. ఆ సమయంలో వచ్చిన చట్టం అందరినీ ఒకేసారి కదుపుతుంది. ఎవరూ మనసులో కూడా బయల్దేరకముందే వస్తే ద్వంద్వయుద్ధాల శాసనాల్లా అవుతుంది. అందరూ చేరుకున్నాక వస్తే వచ్చినట్టే ఎవరికీ తెలియదు. అందుకే ముందా వెనకా అన్న ప్రశ్నను, ఎంత దూరం నడిచాక అని మార్చి అడగమని మా విద్యార్థులకు చెప్తాను.

ఇంకో సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నది. టామ్ టైలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1984లో షికాగోలో 1,575 మందిని, చట్టాన్ని ఎందుకు పాటిస్తారని రకరకాలుగా అడిగాడు. శిక్ష భయం కన్నా, ఈ వ్యవస్థ న్యాయమైనదే అన్న నమ్మకం ఎక్కువ పనిచేస్తోందని తేలింది. ఆ నమ్మకం కూడా తీర్పు తమవైపు వచ్చిందా లేదా అన్నదాని కన్నా, తమ మాట విన్నారా, మర్యాదగా చూశారా అన్నదాని మీద ఎక్కువగా ఆధారపడింది. ఇది చదివాక నా పాత కేసులు కొన్ని గుర్తొచ్చాయి. ఓడిపోయి కూడా జడ్జి గారు పూర్తిగా విన్నారండీ అని తృప్తిగా వెళ్లినవాళ్లున్నారు. గెలిచినా, ఏళ్ల తరబడి వాయిదాల్లో తమను మనిషిగా చూడలేదని కోపంతో మిగిలినవాళ్లున్నారు. ఆ రెండోవాళ్లు తర్వాతి నియమాన్ని ఎంత మనసుపెట్టి పాటిస్తారో మీరే ఊహించుకోవచ్చు.

చివరిగా మీ సిగ్నల్. రెండేళ్ల కిందట నా విద్యార్థుల్ని జట్లుగా పంపి, పోలీసు లేని కూడలి దగ్గర గంటసేపు నిలబడి గమనించి రమ్మన్నాను. జరిమానా అంకె గురించి ఒక్కరూ రాసుకురాలేదు. అన్ని జట్లూ రాసింది మొదటి వరుస గురించే. ఎర్ర లైటు పడగానే ముందున్న రెండు మూడు బళ్లు ఆగితే వెనకవాళ్లంతా ఆగారు, కొందరు హారన్ కొడుతూనే. ముందున్న ఒక్కడు కదిలితే, పక్కవాడు ఓసారి చుట్టూ చూసి కదిలాడు, ఇక మిగతావాళ్లు ఏమీ చూసుకోలేదు. తెల్ల గీత స్పష్టంగా ఉన్న వైపు ఆగినవాళ్లు ఎక్కువ, చెరిగిపోయిన వైపు తక్కువ అని ఒకమ్మాయి రాసింది. పెద్ద పరిశోధనేమీ కాదు, ఒక్క గంట చూసినదే. మీరు కూడా ఒక సాయంత్రం నిలబడి చూడండి, ముఖ్యంగా ఆ రెండోవాడు చుట్టూ చూసే క్షణాన్ని. వాడు చూసేది పోలీసు కోసమా, పక్కవాళ్ల ముఖాల కోసమా అన్నది మా క్లాసులో ఇంకా తేలలేదు.